మా వీధి పిడికెడు బియ్యం

నా చిన్నప్పుడు మా చోడవరంలో కాస్త కలిగిన ప్రతి ఇంట్లోనూ బియ్యానికి రెండు డబ్బాలుండేవి. ఒకటి ఇంటివాళ్లు వండుకునే పాత బియ్యానిది. రెండోది పనివాళ్లకూ అడుక్కునేవాళ్లకూ పెట్టే కంట్రోలు బియ్యానిది. చౌకడిపోలో ఇచ్చే బియ్యాన్ని అప్పట్లో అలా అనేవాళ్లు. మా ఇంట్లో ఆ రెండో డబ్బా మూత మీద ఒక మట్టి ముంత ఉండేది. ఏ ఇంటికి వెళ్లినా ముంత అక్కడే కనిపించేది. అది అక్కడ ఎందుకుందని నేను పదకొండేళ్ల వయసు వరకూ ఆలోచించలేదు.

ఆ ముంత ఊళ్లోని ముసలివాళ్ల ఆశ్రమానిది. పాత సత్రం ఒకటి వాడకం లేక పడి ఉంటే, ఊరిపెద్దలు దాన్ని బాగు చేయించి, చూసేవాళ్లెవరూ లేని ముసలివాళ్లను అందులో పెట్టారు. నేను చెప్పే రోజుల్లో అక్కడ పదకొండు మంది ఉండేవారు, వంటావిడతో కలిపి పన్నెండు. వాళ్ల తిండికి నాలుగు వీధుల వాళ్లు ఒప్పుకున్న పద్ధతి ఇది: ప్రతి ఇల్లాలూ రోజూ ఎసట్లో పోయడానికి తీసిన బియ్యంలోంచి ఒక పిడికెడు ముంతలో వేయాలి. ఆదివారం పొద్దున్న వీధికొక పిల్ల వచ్చి ముంతలన్నీ ఒక సంచిలో ఒంపుకుని ఆశ్రమంలో ఇచ్చి రావాలి.

మా వీధికి ఆ పిల్లను నేనే. మా వీధిలో ఇరవైమూడు ఇళ్లు. ఇంటికి ఏడు పిడికిళ్ల చొప్పున వారానికి నూట అరవై ఒకటి. తూకం వేస్తే ఏడు కిలోలకు కాస్త అటూ ఇటూ ఉండేది. దారిలో కిరాణా కొట్టు ఆయన తక్కెడలో తూచి పెట్టేవాడు. ఆ అంకె నేను లెక్కల పుస్తకం వెనకపేజీలో రాసుకునేదాన్ని. మిగతా మూడు వీధుల పిల్లలవి ఆరున్నర దాటేవి కావు. ఆ అంకె తప్ప సంచిలో ఏముందో నాకు పట్టేది కాదు.

1972 జనవరిలో ఒక ఆదివారం ఆశ్రమానికి ఆలస్యంగా చేరాను. గోవాడ ఫ్యాక్టరీలో చెరుకు ఆడే కాలం. రోడ్డు పొడవునా చెరుకు బళ్లు నిలిచిపోయాయి. నెత్తిన సంచితో వాటి మధ్య నుంచి దూరి వెళ్లేసరికి భోజనాలకు విస్తళ్లు వేస్తున్నారు.

ఆశ్రమం వంటావిడ చీడికాడ వైపు మనిషి. గట్టి చెయ్యి, అంతకన్నా గట్టి నోరు. పెళ్లిళ్లకు కూడా వండేది కాబట్టి ఆవిడ చేతి వంట మా ఇళ్లలో అందరూ తిన్నవాళ్లే. నన్ను చూసి, "ఏటే గుంటా, బియ్యం తెస్తన్నావా, పండించుకుని తెస్తన్నావా?" అంది.

"ఇయేళ ఏడుంపావు" అన్నాను నేను.

"అబ్బో. అయితే కూకో. నీ ఏడుంపావూ ఎలాగుంటాదో నువ్వూ తిని సూడు."

నన్ను కోటపాడు మామ్మ పక్కన కూర్చోబెట్టింది. కె.కోటపాడు నుంచి వచ్చింది కనుక ఆవిడను అందరూ అలాగే పిలిచేవారు. నోట్లో ఒక్క పన్ను లేదు. అన్నం కలిపి మొదటి ముద్ద పెట్టుకున్నాను. కొన్ని మెతుకులు జిగురులా నాలుకకు అంటుకున్నాయి, కొన్ని పలుకుగా పళ్ల కింద నలిగాయి. రెండో ముద్దలో రాయి తగిలింది. మూడో ముద్ద దగ్గర ఆగిపోయాను.

పక్కకు చూశాను. మామ్మ విస్తరిలో అన్నాన్ని వేళ్లతో రెండు కుప్పలు చేస్తోంది. మెత్తనివి ఇటు, పలుకులు అటు. ఇటు కుప్పలో ఉన్నది నాలుగు ముద్దలు. అవి తిని, మజ్జిగ తాగి, విస్తరి మడిచేసింది. ఆవిడ మోచేతి కింద చర్మం సంచిలా వేలాడుతోంది. వంటావిడ ఆ విస్తరి విప్పి నాకు చూపించి, కుడితి తొట్టిలో దులిపింది.

"నెల్లాళ్లై ఇదే తంతు. మొన్న డాక్టరుబాబు సూసేడు. రోగం ఏటీ లేదు, తిండి లేదు, అంతే అన్నాడు. ఇలాగే ఉంటే ఎండలకి ఆగదు ముసిల్ది."

నేను అన్నాను, "మరి మెత్తగా వండొచ్చు కదా?"

ఆవిడకు కోపం రాలేదు. నా సంచిలోంచి గుప్పెడు తీసి చాటలో పోసి వేలితో విడదీసింది. ఇవి కొత్త బియ్యం, రెండు పొంగులకే ముద్దైపోతాయి. ఇవి పాతవి, ఇంకా నీళ్లు అడుగుతాయి. ఇవి కంట్రోలువి, వీటికి ఒక పద్ధతంటూ లేదు. ఇవి నూకలు, ఇవి వడ్లు, ఇవి రాళ్లు. ఇరవైమూడు ఇళ్ల బియ్యం ఒకే కుండలో పడితే ఏదో ఒకటే ఉడుకుతుంది. ఏరుదామంటే ఏరేవాళ్లకు కళ్లు ఆనవు. పెళ్లికి వెయ్యి విస్తళ్లకు వండగలిగిన మనిషి పదకొండు మందికి వండలేకపోవడానికి కారణం ఇదీ.

ఆ చాటలో కంట్రోలు బియ్యమే సగానికి పైగా ఉన్నాయి. మా అమ్మ రోజూ పిడికెడు వేసేది కాదు. ఆదివారం నేను సంచి తీసుకోగానే రెండో డబ్బాలోంచి ఏడు పిడికిళ్లు ఒకేసారి ముంతలో పోసేది. ఇంట్లో ఉండేదాన్ని, నాకు తెలుసు. మిగతా ఇళ్లలోనూ అంతే అయి ఉంటుందని అప్పుడు తోచింది. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఇచ్చేవాటి డబ్బా అది, ముంత దాని మీద ఉంది, అంతే.

"వాళ్లకి సెప్పెయ్యండి" అన్నాను.

"సెప్తే ఏటవుద్ది? పెట్టినకాడికి తినక వంకలేటి అంటారు. ముంతలు బోర్లించేస్తారు. అప్పుడు పదకొండు మందికీ పస్తే." చాటలో గింజలు మళ్లీ సంచిలో ఒంపి, "వచ్చే ఆదివారం మాఘ ఆదివారం. పెసాదం పంచుదాం" అంది.

ఆ ఆదివారం నేను ముందుగా వెళ్లేసరికి పులిహోర సిద్ధంగా ఉంది. వారం కిందట నేను తెచ్చిన బియ్యంలో కొంత విడిగా ఉంచి, ఒక్క రాయి ఏరకుండా, ఒక్క వడ్లగింజ తీయకుండా వండింది. చింతపండు, పోపు మాత్రం పెళ్లి వంటకు వేసినట్టే వేసింది. సూర్యుడి పటం ముందు పెట్టి దండం పెట్టింది కూడా, కనుక ప్రసాదం అనడం అబద్ధం కాదు. సూర్యుడికి పళ్లు ఊడిపోయాయనీ, అందుకే ఆయనకు మెత్తగా ఉడికిన పరమాన్నం పెడతారనీ మా ఇళ్లలో చెప్పుకునేవారు. ఆవిడ పటం వైపు చూసి, "ఈ ఒక్కరోజుకి మా ముసిల్దాని సాపాటే నీకూనూ బాబూ, ఏటీ అనుకోకు" అంది.

అడ్డాకుల్లో ఇరవైమూడు పొట్లాలు కట్టి నాకిచ్చింది. ఎవరైనా అడిగితే, మన వీధి బియ్యంతోనే చేశారని చెప్పాలి. అంతకు మించి ఒక్క మాట అనకూడదు.

ప్రసాదాన్ని ఎవరూ కాదనరు, కింద పారేయరు. అందరూ కళ్లకు అద్దుకుని నోట్లో వేసుకున్నారు. ఆ తర్వాత ఉమ్మడానికి వీల్లేక నమిలారు. పక్కింటి అక్క దవడ పట్టుకుని, "అమ్మో, పెసాదంలో రాయేటే?" అంది. మన వీధి బియ్యంతోనే చేశారు అక్కా, అన్నాను. అక్క నమలడం నెమ్మదించింది. ఒక ఇంట్లో పెద్దాయన పొట్లం విప్పి, మెతుకు తీసి వెలుగులో పెట్టి చూసి, ఇంటావిడను పిలిచి ఆ మెతుకు ఆవిడ చేతిలో పెట్టాడు.

మా ఇంటి పొట్లం చివరిది. నాన్న రెండు ముద్దలు తిని, ఆవిడ చెయ్యి ఎప్పుడూ ఇలా ఉండదే అన్నారు. నేను చెప్పాల్సింది చెప్పాను. నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "మనకి బుద్ధి సెప్తందేటి అది? నువ్వు మోసుకొచ్చేవా?" అంది. ఆ మధ్యాహ్నం నాతో మాట్లాడలేదు. వీధి మొత్తం ముంతలు బోర్లిస్తే ఏమవుతుందని నేను వారమంతా భయపడ్డాను. అప్పటికి మామ్మ ముద్దలు మూడుకు దిగాయని వంటావిడ చెప్పింది.

తర్వాతి ఆదివారం ఆవిడ నాకు ఒక సంచికి బదులు మూడు ఇచ్చింది. పాత బియ్యానికి ఒకటి, కొత్తవాటికి ఒకటి, ఇంట్లోనూ కంట్రోలు బియ్యమే తినేవాళ్లది ఒకటి. ప్రతి గుమ్మంలోనూ ఒకే ప్రశ్న అడగమంది: "ఇయేళ మీరు ఏ బియ్యం వండుకుంటన్నారు?"

ప్రశ్న చిన్నదే. కానీ గుమ్మంలో నిలబడి జవాబు చెప్పాక, వేరే బియ్యం తెచ్చి పోయడం ఎవరికైనా కష్టం. కొందరు ముంత పట్టుకుని వచ్చినవాళ్లు జవాబు చెప్పి, ముంతతో లోపలికి వెళ్లి, మళ్లీ వచ్చారు. వీధి చివర మేడింటావిడ మాత్రం, "ముష్టికి కూడా రకాలు కావాలేటే? ఎల్లి సెప్పు మీ వంటమ్మకి, ఆ ముంత వచ్చి పట్టుకుపొమ్మని" అని తలుపు వేసుకుంది. ఆవిడతో కలిపి మొత్తం మూడు ఇళ్లు ఆ రోజు మానేశాయి. ఆ మూడూ మళ్లీ ఎన్నడూ ఇవ్వలేదు.

మా ఇంటి దగ్గర కూడా ఆగి ప్రశ్న అడిగాను. అమ్మ నన్ను తేరిపార చూసింది. "తెలీదేటి నీకు, పొద్దున్న తిన్నావు కదా" అంది. ముంతలో ఉన్నవి పాత బియ్యం.

కొట్లో తూచాను. మూడు సంచులూ కలిపి ఐదున్నర. పుస్తకంలో రాసుకోవాలనిపించలేదు. ఆశ్రమంలో సంచులు దించి, తగ్గిపోయిందని చెప్పాను. వంటావిడ వినిపించుకోకుండా కొత్త బియ్యం సంచిలో చెయ్యి పెట్టి కలియదిప్పింది. రెండు గిద్దెలు తీసి కడిగి, ఎసరు ఎక్కువ పోసి, చిన్న కుండలో విడిగా వండింది. నన్ను వెళ్లనివ్వలేదు.

కోటపాడు మామ్మ విస్తరి ముందు కూర్చుని అలవాటు కొద్దీ వేళ్లతో అన్నం విడదీయబోయింది. విడదీయడానికి రెండో రకం లేదు. కాసేపు ఆ ముద్దను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తినడం మొదలుపెట్టింది. నేను లెక్కపెట్టాను, తొమ్మిది ముద్దలు. తొమ్మిదో ముద్ద అయ్యాక తల ఎత్తి, "ఇంకొంచెం ఎయ్యమ్మా" అంది.

వంటావిడ వేసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "లెక్కలు బాగా వచ్చు కదే నీకు, ఇది సెయ్యి" అంది. "మొన్నటిదాకా ఏడు తెచ్చేవు. అందులో రెండు కుడితిలో పోయేవి. ఇయేళ ఐదున్నర తెచ్చేవు. ఐదున్నరా కడుపులోకే. ఎప్పుడు ఎక్కువ తెచ్చినట్టు?"

ఏడులోంచి రెండు పోతే ఐదు. అర కిలో ఎక్కువ. ఆ తీసివేత నాకు ముందే రాకపోవడం ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

మాఘంలో మిగిలిన మూడు ఆదివారాల్లో మిగతా మూడు వీధులకూ ప్రసాదం వెళ్లింది. కోటపాడు మామ్మ ఆ ఎండలు దాటింది, ఇంకో రెండు ఎండాకాలాలు కూడా దాటింది. మా అమ్మ ఆ పులిహోర మాట బతికున్నన్నాళ్లూ ఎత్తలేదు. వంటావిడ అంటే మాత్రం చివరిదాకా ముఖం ముడుచుకునేది.

పెద్దయ్యాక నేనూ ఆశ్రమాలకు ఇస్తూనే వచ్చాను. దుప్పట్లు, చీరలు, పప్పులు, మందులు. మా కాలనీవాళ్లతో ఇప్పిస్తాను కూడా. ఇచ్చేముందు అక్కడ వండేవాళ్లను, బట్టలుతికేవాళ్లను అడుగుతాను, ఏది పనికొస్తుంది, ఏది మూల పడుతుంది అని. ఇచ్చే రోజు వెళ్లి ఫొటో దిగమంటే వెళ్లను. వారం పోయాక, ఎవరికీ చెప్పకుండా, భోజనాల వేళకు వెళ్తాను. వాళ్ల వరుసలోనే కూర్చుని, వాళ్లకు పెట్టిందే పెట్టించుకుని తింటాను. అందరూ లేచేదాకా ఆగి, ఎత్తే కంచాల్లో ఎంత మిగిలిందో చూస్తాను. అది తీసేసి, కడుపులోకి వెళ్లినదే మేము ఇచ్చినట్టు రాసుకుంటాను.