వావిలాకు పొగలో మూడు రోజులు

నా తలనొప్పి మామూలు తలనొప్పి కాదు. పొద్దుతోపాటు లేచేది. సూర్యుడు తూర్పున తల ఎత్తగానే నా కుడి కనుబొమ్మ మీద ఎవరో గునపం ఆనించినట్టుండేది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆ గునపం వెనక ఇద్దరు మనుషులు, వాళ్ల వెనక ఒక జేసీబీ. సాయంత్రం పొద్దు గుంకుతుంటే అదీ దిగిపోయేది, రేపు మళ్లీ డ్యూటీకి రావాలన్న బాధ్యత తెలిసిన గుమస్తాలాగా.

కరీంనగర్‌లో నొప్పి నాకొక్కడికే, వైద్యం మాత్రం మా వాడకట్టు మొత్తానికి తెలుసు. ఒకరు శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేశారు. అది ఎండి బిగుసుకున్నాక కనుబొమ్మ ఎత్తి ఆశ్చర్యపోయే వీలు కూడా నాకు లేకుండా పోయింది. చొప్పదండి నుంచి కూరగాయలు తెచ్చే ఆమె తుమ్మికూర పసరు రెండు చుక్కలు ముక్కులో పిండింది. ఆ రోజు నేను తుమ్మిన తుమ్ములకు ఎదురింటి కుక్క వాడ మార్చింది. చివరికి డాక్టరు దగ్గరికి పోతే, తలను ఫోటో తీయించి, లోపల ఏమీ లేదన్నాడు. ఆ మాట మా ఆవిడ ఇరవై ఏళ్లుగా ఫీజు లేకుండానే చెబుతోంది.

అప్పుడు మా అక్క ఫోన్ చేసింది. పాత ఆదిలాబాద్ జిల్లాలో, బొగ్గుబాయిల, అంటే బొగ్గు గనుల, కాలనీలో ఉంటుంది.

"తమ్మీ, గా మందులన్ని బంద్ చెయ్. ఇటు రా. అవ్వ ఏసే పొగ ఏస్త. మూడు దినాలల్ల నీ నెత్తినొప్పి గోదారి దాటి పారిపోతది."

"గోదారి దాటితే నీ ఇల్లే గదనే. నీ దగ్గరికే వస్తదేమో."

"రానియ్. నాకు గూడ నెల సంది గదే ఉన్నది. రెండు కలిసి పంచాది పెట్టుకుంటయి."

నెల సంది అన్న మాట దగ్గర నేను ఆగి ఉండవలసింది. ఆగలేదు. బస్సెక్కాను.

ఆదిలాబాద్ చలి గురించి నేను అతిశయోక్తులు చెప్పను, చెప్పే అవసరం అది మిగల్చదు. ఆ వారం బాయి సైరన్ కూడా రెండుసార్లు దగ్గి గాని కూసేది కాదు. అక్క క్వార్టర్‌కు రెండు గదులు, పైన సిమెంటు కప్పు. వెనక గదిలోనే పోయిన చలికాలం మా అవ్వ, అంటే మమ్మల్ని కన్న తల్లి, కన్నుమూసింది. ఆ గది కిటికీకి అక్క గోనెసంచి అడ్డం పెట్టి మేకులు కొట్టించింది. తలుపు కింది సందులో పాత చీర దూర్చింది. చలి లోపలికి రావాలంటే దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

మా ఊళ్లో అవ్వ ఈ పొగ వేస్తుంటే చిన్నప్పుడు చూసేవాణ్ణి. పిడకల నిప్పుల మీద వావిలాకు, ఎల్లిగడ్డ పొట్టు, చిటికెడు పసుపు వేసి, మనిషిని గొంగడి కప్పి కూర్చోబెట్టేది. అది గూన పెంకుల ఇల్లు. ఆకాశం లోపలికి వచ్చి అన్నం తిని పోయేంత సందులుండేవి. అక్క దగ్గర పిడకలు లేవు. బావ బాయిలో పని చేస్తాడు కనక ఇంట్లో బొగ్గుకు లోటు లేదు. సిగిడి అనే ఇనుప కుంపటి నిండా బొగ్గు ఎర్రగా రాజుకున్నాక దాన్ని గది మధ్యలో పెట్టి, ఆకు వేసి, తలుపు మూసి, అక్కా నేనూ చెరో మంచం మీద గొంగళ్లు కప్పుకొని కూర్చున్నాం. తెల్లారి తొమ్మిదిన్నర. బయట ఎండ బాగానే ఉంది. లోపల మాత్రం సిగిడి వెలుగు తప్ప వేరే పొద్దు లేదు.

మొదట హాయిగానే ఉంది. వావిలాకు వాసన ముక్కులోంచి నుదుటి దాకా దారి చేసుకొని పోయింది. తర్వాత నొప్పి తగ్గకపోగా కుడి పక్కతోపాటు ఎడమ పక్కన కూడా కాపురం పెట్టింది. మందు పని చేస్తోందనుకున్నాను. మన మందులన్నీ ముందు మనిషి పని పట్టి గాని రోగం జోలికి పోవు కదా.

అప్పుడు నా కాళ్ల దగ్గర మంచం కుంగింది.

ఎవరో కూర్చున్నట్టు కుంగింది. గొంగడి సందులోంచి చూశాను. ఆవపువ్వు రంగు చీర, ఆవచీర కట్టుకున్న మనిషి, వీపు ఇటువైపు. తల స్నానం చేసినట్టు వెంట్రుకలు విరబోసుకొని ఉంది. ఆ వెంట్రుకల చివరల నుంచి నీళ్లు కారుతున్నాయి, నేల మీద మాత్రం పడడం లేదు. అక్కేమో అనుకొని పక్క మంచం వైపు చూస్తే అక్క గొంగట్లోనే ఉంది. "ఆఁ అవ్వా... ఆఁ..." అంటోంది, అన్నం తిన్నావా అని అడిగితే జవాబు చెబుతున్నట్టు.

భయపడ్డానని రాస్తే నా పేరు పోతుంది. నేను ధైర్యంగా కళ్లు మూసుకొని, ధైర్యంగా వణికి, ఎంతో ధైర్యంగా తలుపు తీసి బయటపడ్డానంతే.

బయట మొదటి షిఫ్టు నుంచి బావ వచ్చేదాకా ఎండలో కూర్చున్నాను. తల తేలికైంది. చూసింది ఎవరికీ చెప్పలేదు. యాభై దాటిన మనిషి పట్టపగలు దయ్యాన్ని చూశానంటే కరీంనగర్‌లో ఇంకొకసారి ఫోటో తీస్తారు, మళ్లీ లోపల ఏమీ లేదంటారు.

బావ పని బాయిలో గ్యాస్ చూడడం. షిఫ్టు మొదలయ్యే ముందు దీపం పట్టుకొని ముందు నడిచి, గాలి మంచిదా కాదా చెబుతాడు. ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు అడుగు వేస్తారు. ముప్పై ఏళ్ల నుంచి అదే పని. అందుకే ఇంట్లో కూడా అన్నీ వాసన చూసి గాని తినడు.

"బామ్మర్ది, మొఖం గట్లున్నదేంది? మీ అక్క పొగేసిందా పొగబెట్టిందా?"

"రెండూ అయినయి బావా."

"నన్ను గూడ రమ్మంటది. నాకు బాయిల పొగే చాలే అన్న. ఇంటికొచ్చి గూడ డ్యూటీనా?"

అక్క లోపల్నుంచి అరిచింది. "నీకు నొప్పి లేదు గనుక మాట్లాడుతున్నవ్. నా నెత్తి పలుగుతంది. నెల సంది దినాం పొగేస్తున్న, జరంత గూడ తగ్గలే."

"తగ్గనప్పుడు ఎందుకేస్తున్నవే మరి?"

అక్క గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టింది.

రెండో రోజూ పొగ, రెండో రోజూ ఆ వీపు. ఈసారి మంచం ఇంకాస్త దగ్గరగా కుంగింది. నేను గోడ వైపు జరిగాను. తర్వాత అక్క ఆకు అయిపోయిందని నన్ను వాగుకు పంపింది. నొప్పితోనే బయలుదేరాను. వాగొడ్డున వావిలి పొదల దగ్గరికి చేరేసరికి నొప్పి సగం పోయింది, చల్లగాలికి ఇంకా పోయింది. నా బుర్ర అప్పుడు ఒక మహత్తరమైన సంగతి కనిపెట్టింది: చెట్టు పక్కన నిలబడితేనే ఇంత గుణం ఉంటే, ఆకును రెట్టింపు కాలిస్తే ఎంత గుణం! గాలి గురించి ఆలోచించలేదు. లేత కొమ్మలన్నీ విరిచి, ఏనుగు మోయాల్సినంత మోపు తెచ్చి అక్క ముందు పడేశాను.

"ఇంత తెచ్చినవేందిరా, ఊరందరికి నొప్పులున్నయా?"

"రేపు పెద్దగ ఏద్దామక్కా. బొగ్గు గూడ ఎక్కువ పెట్టు. ఒక్క దెబ్బకు పోవాలె."

అన్నది నేనే. ఇది మాత్రం పెంచి రాయడం లేదు.

మూడో రోజు ఆదివారం. బావకు సెలవు. ఆయన ముందు వాకిట్లో అద్దం జామచెట్టుకు తగిలించుకొని గడ్డం గీసుకుంటున్నాడు. మేము లోపల తలుపు మూసుకున్నాం. సిగిడి నిండా బొగ్గు, దాని మీద నా మోపులో సగం.

ఆ రోజు నొప్పి కొట్టిన దెబ్బకు గది కప్పు కిందికీ పైకీ ఊపిరి తీస్తున్నట్టు కనబడింది. తర్వాత నొప్పి దానంతటదే దూరంగా పోయింది, పక్క క్వార్టర్‌లో ఎవరికో నొస్తున్నట్టు. చప్పుళ్లు ఆగిపోయాయి. ఆవచీర మనిషి నా మంచం మీద లేదు. అక్క మంచం మీద ఉంది, అక్క పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా. అక్క గొంగడి తీసేసింది. బుగ్గలు ఎర్రగా, పెళ్లినాటి అక్కలాగా కళకళలాడుతోంది. పొగ ఎంత బాగా పని చేసిందనుకున్నాను.

"తమ్మీ, అవ్వ పోదాం పా అంటంది," అన్నది అక్క, సంతకు పోయే మాటలాగా.

"యాడికి?" అని అడగబోయాను. నాలుక లేవలేదు. లేద్దామనుకున్నాను. కాళ్లు నావి కావు, ఎవరివో తెచ్చి నా గొంగట్లో పెట్టినట్టున్నాయి. అక్క మెల్లగా పక్కకు ఒరిగింది.

అప్పుడే బావకు చాయ తాగాలనిపించింది. "ఓ మనిషీ, చాయ పెట్టినవా?" అని రెండుసార్లు కేకేశాడట. మా అక్క జవాబు చెప్పకుండా ఒక్క కేకను కూడా వదలదు, ముప్పై ఏళ్ల కాపురంలో అది జరగలేదు. ఆయన తలుపు తోశాడు. ఒక్క అడుగు లోపలికి వేసి ఆగాడు. మళ్లీ వెనక్కి వేశాడు. బాయిలో చెడ్డ గాలి ముందు ఎట్లా ఆగుతాడో అట్లా. తర్వాత తువ్వాల మూతికి అదుముకొని, ఊపిరి బిగబట్టి వచ్చి, అక్క రెండు చంకల కింద చేతులు వేసి ఈడ్చుకుపోయాడు. బామ్మర్దిది ఎప్పుడూ రెండో ట్రిప్పే. నన్ను ఈడ్చేటప్పుడు గడపకు తల రెండుసార్లు కొట్టించాడు, అది తొందర వల్లనే అని ఈనాటికీ చెబుతాడు.

వాకిట్లో వెల్లకిలా పడి ఉంటే, సగం గీసిన గడ్డం, సగం సబ్బు నురగతో బావ ముఖం నా మీదికి వంగింది. నన్ను కాదు, అక్క బుగ్గలనే చూస్తున్నాడు.

"గీ ఎరుపు నేను చూసిన. బాయిలకెళ్లి ఒకన్ని ఎత్తుకొస్తే గిట్లనే ఉండె. పెండ్లికొడుకు లెక్క ఉండె. లేవలే వాడు." అక్క భుజాలు పట్టి ఊపాడు. "లే వే... లే."

ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. అక్కకూ నాకూ ముక్కులకు ఆక్సిజన్ పెట్టారు. మూసిన గదిలో బొగ్గు కాలితే వచ్చే గాలికి రంగూ వాసనా ఉండవని, మొదట తలనొప్పే వస్తుందని, ఇంకొంచెం సేపైతే ఇద్దరినీ తెల్లగుడ్డలో పంపేవాళ్లమని డాక్టరమ్మ చెప్పింది. అంటే నెల రోజుల నుంచి అక్క ఏ పొగతో నొప్పి తగ్గించుకుంటోందో ఆ నొప్పి ఆ పొగదే. తగ్గలేదని మరుసటి రోజు ఇంకోసారి వేసేది. బాయి కింద అందరి ఊపిరికీ జామీను ఉండే మనిషి ఇంట్లో, ఒక్కరం కూడా గాలి వైపు చూడలేదు.

"ముప్పై ఏండ్ల సంది గ్యాస్ చూస్తున్న," అన్నాడు బావ, బల్ల మీద కూలబడి. "ఇంట్ల చూడలే. మీ అవ్వ మందు గద, దాన్ల ఏం చూడాలె అనుకున్న."

ఆ సాయంత్రం నేను ధైర్యం చేసి చూసింది చెప్పాను. ఆవచీర, విరబోసిన తడి వెంట్రుకలు, వీపు. బావ నా వైపు వింతగా చూశాడు.

"తెలివొచ్చినంక మీ అక్క గూడ గదే చెప్పింది. ఆవచీరనే. నీకు చెప్పిందా?"

"లేదు. నేనూ చెప్పలే."

"గ్యాస్ ఎక్కితే మనిషికి ఏవేవో కనబడతయి బామ్మర్ది. బాయిల ఎంతమందికి కనబడలే."

"కనబడతయి, ఒప్పుకుంట. ఇద్దరికి ఒక్కటే చీర ఎట్ల కట్టిచ్చింది గ్యాసు? అవ్వకు ఆవచీర ఉన్నట్టు నాకు యాదికి లేదు."

బావ బీడీ తీశాడు, దవాఖాన అని యాదికొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ ప్రశ్నకు ఆయన ఇప్పటికీ జవాబు బాకీ. నేనూ అడగడం మానేశాను, చెప్పేస్తాడేమోనని.

నాలుగో రోజు ఇంటికి వచ్చాం. బావ నేరుగా పట్కారు పట్టుకొని వెనక గదికి పోయాడు, కిటికీ గోనెసంచి మేకులు పీకడానికి. వెనకనే అక్క పోయి కిటికీకి అడ్డం నిలబడింది. నిలబడే సత్తువ లేదు, కిటికీ ఊచలు పట్టుకొని నిలబడింది.

"తియ్యకు."

"ఇంకా పొగేస్కుంటవా? సస్తవే!"

"దినాం ఎయ్య. పండుగకో, నెలకో ఒక్కపారి. జరంత సేపే. నువ్వు తలుపు కాడ ఉండు."

"నొప్పికి సొంటి ఉన్నది, బామ్ ఉన్నది, గోలీలున్నయి. గీ పొగనే ఎందుకు?"

అక్క తల వంచుకుంది. "నాకు ఎరుకనే, తగ్గుత లేదని. మొదటి వారంలనే ఎరుకైంది." ఊచలను ఇంకా గట్టిగా పట్టుకుంది. "పొగేస్తె అవ్వ వస్తుండె. వచ్చి పక్కన కూసుంటుండె. పోయేటప్పుడు నాతోని ఒక్క మాట మాట్లాడకుంట పోయింది గద... గందుకే."

ఎప్పుడూ ఏదో ఒకటి పెంచి చెప్పే నోరు నాది, ఆ రోజు తగ్గించి చెప్పడానికి కూడా మాట దొరకలేదు.

బావ పట్కారు కిందికి దించాడు. దాని మూతిని తెరిచాడు, మూశాడు.

"రేపు నువ్వు గూడ గట్లనే పోతె," అన్నాడు, "నిన్ను చూడనీకి నేను ఏం పొగ ఏస్కోవాలె చెప్పు. ఆకు పేరు చెప్పి పో."

అక్క ఆయన వైపు చూసింది. తర్వాత చెయ్యి చాచి పట్కారు తీసుకుంది. మొదటి మేకు తుప్పు పట్టి ఉంది, రెండు చేతులతో గుంజింది. ఒక్కో మేకూ ఆమే పీకింది, మమ్మల్ని ముట్టనివ్వలేదు. గోనె కింద పడగానే చలిగాలి గదిలోకి ఒక్కసారిగా దూకింది. సిగిడిలోని చల్లారిన బూడిద లేచి మా ముగ్గురి మీదా పడింది.

నేను శొంఠి అరగదీసి తెచ్చి అక్క నుదుటికి రాశాను, పలచగా. ఆమె కిటికీ ఎదురుగా ఎండలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా అట్లాగే ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే దగ్గరికి పోయాను.

"ఇంకా నొస్తందా అక్కా?"

"లేదు తమ్మీ," అన్నది. "తగ్గింది. మొత్తం తగ్గింది. గందుకే ఏడుస్తున్న."