కుచ్చుల అత్త కట్టిన వరస

పోయిన వారం చెల్లెలు హిందూపురం నుంచి ఫోన్ చేసింది. నేను పెనుకొండలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "అన్నా, కుచ్చుల అత్త ల్యాదంట" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "నిద్రలోనేనా? ఇంకేం కాదు గదా?" అని మళ్లీ అడిగాను. ఆమె గురించి ఏ కబురు వచ్చినా మా ఇంట్లో ముందు పుట్టేది భయమే.

ధర్మవరంలో మాది మగ్గాల సందు. ఆమెది మసీదు వీధి. నాయన ఆమెను అక్కా అని పిలిచేవాడు కాబట్టి మాకు అత్త. మగ్గం మీంచి దిగిన పట్టుచీరకు కొంగు చివర పోగులు విడిగా వేలాడుతుంటాయి. వాటిని జట్లుగా తీసి ముడివేసి కుచ్చులు కట్టడం ఆమె పని. ఒకరు మొదలుపెట్టిన కొంగు ఇంకొకరు ముట్టకూడదు. చెయ్యి మారితే ముడి మారుతుంది, పెళ్లిలో ఆడవాళ్ల కళ్లన్నీ అక్కడే పడతాయి.

మా ఇంటికొస్తే టీవీ ముందు వక్కాకు నములుతూ కూర్చునేది. ఏదైనా ఊళ్లో ఒక వర్గం మరో వర్గంపై దాడి చేసిందని వార్త వస్తే, "కొట్టుకున్నోళ్ల పేర్లు చెప్పరేమప్పా? వర్గానికి ఇల్లు యాడుంటాది? దాని నాయన ఎవరు?" అనేది. మేం నవ్వేవాళ్లం.

చెల్లెలి పెళ్లి దగ్గరపడిన రోజుల్లో, ఒక పొద్దున స్టేషన్ దగ్గర ఆటో ఒకటి బైకుకు తగిలింది. ఇద్దరు మనుషులు చొక్కాలు పట్టుకున్నారు. పక్కవాళ్లు విడదీసి పంపేశారు. మధ్యాహ్నానికి అందరి ఫోన్లలోకీ "పట్టణంలో రెండు వర్గాల ఘర్షణ" వచ్చింది. తర్వాత "తీవ్ర ఉద్రిక్తత". ఆ తర్వాత టీవీలో, మసీదు వీధిలో గుంపులు చేరుతున్నాయని. ఎక్కడా ఒక్క పేరు లేదు. అంగళ్లు మూసేశారు.

పెళ్లి చీర సగం కుచ్చులతో అత్త ఇంట్లో ఉంది. నాయన చెప్పుల్లో కాళ్లు పెట్టాడు, మళ్లీ తీశాడు. రోజూ నడిచే వీధికి పోవడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు.

సాయంత్రం పెరటి తలుపు చప్పుడైంది. అత్త. బురఖా కింద చీర మూట.

"పెండ్లి పెట్టుకొని ఇండ్లల్లో దూరుకున్నారే! మీ బిడ్డ పోగులు యాలాడేసుకొని పీటల మీద కూకుంటాదా?"

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మంచుముద్దలా ఉందని తర్వాత చెప్పింది.

తలుపులన్నీ గడియ వేశాం. అత్త కొంగును మోకాలి మీద పరుచుకుని కట్టడం మొదలుపెట్టింది. మసీదు వీధివాళ్లు బయలుదేరుతున్నారని టీవీలో ఎర్రక్షరాలు పరుగెడుతున్నాయి. నాయన రిమోట్ తీసుకోబోయాడు.

"ఉండనీ తమ్ముడా. నేనేం చేస్తాండానో నేనూ చూడాల గదా."

మేం నవ్వాం. అంతలో బయట బైకులు ఆగాయి. వీధి తలుపు దబదబ మోగింది.

"అన్నా, తలుపు తీ! ఆ వీధోళ్లు ఎవురన్నా ఇట్ల వచ్చినారా?"

మా సందు పిల్లలే. గొంతులు గుర్తుపట్టినందుకు నాకు ఇంకా భయమేసింది. నాయన తలుపు బెత్తెడు తీశాడు.

"ఎవురు రావాల?"

"టీవీ చూడల్యా? వాళ్లు వస్తాండారంట."

"వాళ్లంటే ఎవురప్పా? పేర్లు చెప్పు."

"పేర్లేంది? వాళ్లే!"

నాయన తలుపు సందులో అడ్డంగా నిలబడ్డాడు. "మా ఇంట్లో మా అక్క ఉండాది. పాప పెండ్లి చీరకు కుచ్చులు కడతాంది. మీ అమ్మ పెండ్లి చీరకు కట్టింది కూడా ఆమేరా. పోయి అడుగు."

ఒకడు ఏదో గొణిగాడు. బైకులు వెళ్లిపోయాయి. నాయన గడియ వేసి అక్కడే గడప దగ్గర కూర్చున్నాడు. అత్త తల ఎత్తలేదు. ఆఖరి ముడి దాకా కట్టింది.

ఆమెను ఇంటి దగ్గర విడవడానికి నేను వెంట పోయాను. "ఎడంగా నడువు నాయనా. నాతో కనపడాకు" అంది.

మర్నాడు పరిస్థితి అదుపులో ఉందన్నారు. ఏ పరిస్థితో ఎవరూ చెప్పలేదు. అత్త ఆ తర్వాత కూడా మా ఇంటికి వచ్చేది. చీకటి పడకముందే ఇంటికి బయలుదేరేది. వీధి తలుపు నుంచి మాత్రం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

కడసారి చూపుకు చెల్లెలు ఆ పెళ్లి చీరే కట్టుకొచ్చింది. చావింటికి పట్టుచీరేందే అని అమ్మ గొణిగింది. ఆడవాళ్లు జరిగి చోటిస్తే చెల్లెలు అత్త తల దగ్గర కూర్చుని, కొంగు ఒడిలోకి లాక్కుంది. వరసంతా ఒకే తీరున ఉన్న కుచ్చుల్లో ఒక్కదాని ముడి జొన్నగింజలా బిగుసుకుపోయి ఉంటుంది. వీధి తలుపు మోగినప్పుడు అత్త చేతిలో ఉన్న ముడి అది. చెల్లెలి బొటనవేలు దాని మీదే తిరుగుతూ ఉంది.