దారం నోట్లో పెట్టుకోవద్దంట

జహీరాబాద్‌లో సుష్మ మాట ఆగాలంటే ఒక్కటే దారి. ఎవరో ఒకరు కనుబొమ్మలు తీయించుకోవడానికి వచ్చి ఆమె కుర్చీలో కూర్చోవాలి. అప్పుడు దారం కొస ఆమె పళ్ళ మధ్యకు వెళుతుంది, మాట అక్కడికక్కడ ఆగిపోతుంది. దారం తీసిన మరుక్షణం ఆగిన చోటి నుంచే మళ్ళీ అందుకుంటుంది. ఆమె భర్త రామచందర్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పార్లర్‌లో ఉన్నట్టే ఇంట్లో కూడా ఒక దారం రీలు పెట్టుకుంటే తన చెవులు కాస్త తెరిపిన పడతాయని ఆయన అంటూ ఉంటాడు.

బస్టాండు వెనక సందులో, మందుల దుకాణం పైన, ఒకే గదిలో ఉంటుంది ఆ పార్లర్. పెళ్ళికి ముందు బీదర్ వెళ్ళి ఒక కన్నడామె దగ్గర పని నేర్చుకుంది సుష్మ. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళలో సగం మంది ఆమె చేతి కిందికి వచ్చినవాళ్ళే. పని మీద ఆమెకు గర్వం ఉంది, ఆ గర్వాన్ని దాచుకునే అలవాటు మాత్రం లేదు.

ఈ నాలుగైదేళ్ళుగా ఆమె దగ్గరికి కొత్తరకం వాళ్ళు రావడం మొదలైంది. పై చదువులకు విదేశాలు వెళ్ళబోయే ఆడపిల్లలు. అక్కడ చదువుకుంటూ ఏదో ఒక పార్ట్‌టైం పని చేసుకోకపోతే గడవదని పంపించే కన్సల్టెన్సీవాళ్ళే చెబుతారు. ఏం పని, ఎవరిస్తారు అంటే మాత్రం అదే దొరుకుతుందిలే అంటారు. అందుకని విమానం ఎక్కేలోపు చేతికి ఏదైనా పని నేర్పించాలని తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని సుష్మ మెట్లెక్కేవాళ్ళు.

తారాబాయి కూడా అలాగే కూతురు కృపను తీసుకొచ్చింది. తారాబాయి చిరాగ్‌పల్లి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది, ఆమె భర్త నర్సప్ప అల్లం చేలల్లో పనికి పోతాడు. కృపకు ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో సీటు వచ్చింది. సర్కారు సాయం ఫీజుకు సరిపోతుంది, తిండికీ గదికీ పిల్లే సంపాదించుకోవాలి. ఆ మాట చెబుతూ తారాబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. సుష్మకు ఎదుటివాళ్ళు భయపడితే చూస్తూ ఊరుకోవడం చేతకాదు.

"నా దగ్గర నేర్చుకున్న చెయ్యి ఏ దేశం పోయినా ఉపాసం ఉండదు అక్కా. నువ్వు ఫికర్ జెయ్యకు. నాది పూచీ," అంది.

కృప బాగా నేర్చుకుంది. నేర్చుకునేవాళ్ళంతా చేసినట్టే ముందు తన కాళ్ళ మీద, ఆ తర్వాత తల్లి చేతుల మీద దారం తిప్పింది. మొదట్లో దారం నోట్లో పెట్టుకోవడానికి ఇబ్బంది పడితే సుష్మ ఒప్పుకోలేదు. పళ్ళతో బిగించి పట్టకపోతే అది త్రెడింగే కాదని కసిరింది. రెండు నెలలు తిరిగేసరికి ఆ పిల్ల పళ్ళూ వేళ్ళూ ఒకదాని మాట ఒకటి వినడం మొదలుపెట్టాయి. బర్మింగ్‌హామ్‌లో ఎన్ని కనుబొమ్మలు ఉంటాయో లెక్క తేలదని, పిల్లకు తీరిక దొరకడమే కష్టమని సుష్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

అక్కడికి వెళ్ళాక కృప చేసిన మొదటి పని నడవడం. కాగితాలు సంచిలో పెట్టుకుని దుకాణం దుకాణం తిరిగింది. కాఫీ అమ్మేచోట, కూరగాయలమ్మేచోట, ముసలివాళ్ళను చూసుకునే ఇళ్ళలో, సామాన్ల గోదాముల్లో అన్నిచోట్లా అడిగింది. ఇక్కడ ఇంతకుముందు ఎక్కడైనా చేశావా అని అందరూ అడిగారు. అందరూ అదే అడిగితే మొదటి పని ఇచ్చేదెవరు? చదువుకునేవాళ్ళు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదని అక్కడ షరతు ఉందట. ఒక్క గంట ఇచ్చేవాళ్ళే లేనప్పుడు ఆ షరతును ఏం చేసుకోవాలో సుష్మకు అర్థం కాలేదు.

కృప ఫోన్ చేసినప్పుడల్లా ఇదే కథ. అక్కడ ఎవరూ ముఖం మీద లేదనరు. నవ్వుతారు, కాగితం తీసుకుంటారు, కబురు చేస్తామంటారు.

"లేదంటే రూముకన్న పోత గద అక్కా. కబురు జేస్తమంటరు, ఫోన్ జూస్కుంట కూసుంట," అంది ఒకరోజు.

పార్లర్లు అడిగావా అని సుష్మ ప్రతిసారీ రెట్టించేది. అడిగింది, అడుగుతూనే ఉంది. చివరికి ఒక పంజాబీ ఆమె పార్లర్‌లో, ఒకసారి చేసి చూపించు, నచ్చితే పెట్టుకుంటాం అన్నారు. ఆ వార్త విని సుష్మ ఆ పూట వచ్చినవాళ్ళకు చాయ్ తెప్పించింది.

మర్నాడు సాయంత్రం కృప ఫోన్ చేసింది. కుర్చీలో కూర్చున్నావిడకు పౌడర్ రాసి, దారం తెంచి, కొస నోట్లో పెట్టుకున్నానని, అంతే, ఆ పార్లరామె పక్క నుంచి వచ్చి మెల్లగా చేతిలోంచి దారం తీసేసుకుందని చెప్పింది. తిట్టలేదు. తుడుచుకోమని కాగితపు రుమాలు చేతికిచ్చింది.

"దారం నోట్ల పెట్టుకోవద్దంట అక్కా. మెడకు కట్టుకొని చెయ్యాల్నంట. అట్ల నాకు రాదని చెప్పిన. మల్లొచ్చే శనివారం దాంక నేర్చుకొని రమ్మన్నది. నాకు నేర్పియ్యి అక్కా."

సుష్మకు ముందు ఒళ్ళు మండింది. తన నోట్లో ఏముందట? ఈ ఊరి పెళ్ళికూతుళ్ళు ఎవరైనా రోగమొచ్చి పడిపోయారా? ఫోన్ పెట్టేశాక గోడకు వినిపించేలా చాలా సేపు అడిగింది. తర్వాత కుర్చీలో కూలబడింది. అదే పిల్ల దారం నోట్లో పెట్టుకోవడానికి ఇబ్బంది పడితే కసిరింది తనే. మెడకు కట్టుకోవడం అనేది ఒకటుందని కూడా తనకు తెలియదు. తెలియని పని నేర్పమని ఆ పిల్ల తననే అడుగుతోంది, ఇంకెవరినీ అడగడానికి లేక.

ఆ రోజు నుంచే సుష్మ దారాన్ని మెడకు కట్టుకుంది. ఫోన్‌లో వీడియోలు చూసింది. పళ్ళతో పట్టినప్పుడు తల కొంచెం ఊపితే చాలు, మెడకు కడితే నడుము దాకా వెనక్కి వాలాలి, వాలినప్పుడల్లా దారం గొంతు పక్క కోసుకుపోతుంది. ఇన్నేళ్ళ చెయ్యి కొత్త చెయ్యి అయిపోయింది. బ్యాంకులో పనిచేసే త్రివేణి ఎప్పటిలాగే వచ్చి కూర్చుని, ఒక కనుబొమ్మ సన్నంగా, ఒకటి లావుగా ఇంటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. మెడ మీద ఎర్రటి గీత చూసి రామచందర్ ఏమైందని కంగారుపడ్డాడు. ఏం చెప్పాలో తెలియక చీమ కుట్టిందంది.

తనకే సగం వచ్చిన పనిని ఫోన్‌లో నేర్పింది. ఫోన్‌ను పౌడర్ డబ్బాకు ఆనించి, దాని ముందు తన మోకాలి మీద చేసి చూపించేది. అటు కృప తన మోకాలి మీద చేసేది. సరిగ్గా దారం తిప్పే చోట బొమ్మ ఆగిపోయేది. తల వెనక్కి వాల్చి, వేళ్ళు విప్పార్చి, కృప అలాగే బిగుసుకుని కనిపించేది. సుష్మ మాత్రం ఇటు నుంచి వాలు, ఇంకా వాలు అని చెబుతూనే ఉండేది. ఆ పిల్ల పక్కన ఉంటే రెండు భుజాలూ పట్టి వెనక్కి లాగి చూపించేది. ఫోన్‌లోంచి భుజాలు ఎలా పట్టుకుంటారు?

శనివారం సుష్మ ఏ పనీ పెట్టుకోలేదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొద్దు వాలాక మోగింది.

కుర్చీలో ఒక తెల్లావిడ కూర్చుందట, చాలా మంచిదట. కృప దారం మెడకు కట్టుకుంది, వాలింది. దారం జారి కంటిరెప్ప దగ్గర కొంచెం చర్మం లేచింది, చుక్క రక్తం. ఆ తెల్లావిడే కృపను పర్వాలేదు పర్వాలేదు అని ఓదార్చిందట.

"పార్లరామె ఏమన్నది బిడ్డా?"

"నవ్వింది అక్కా. కబురు జేస్తమన్నది."

కృపే మాట్లాడింది. బుధవారం చర్చిలో తిండి సామాను సంచి ఇస్తారని, అది వారం వస్తుందని, తనేం పస్తులు ఉండటం లేదని చెప్పింది. ఇంకా తిరుగుతానంది. చివరికి అసలు మాట చెప్పింది.

"అమ్మ దినాం ఏడుస్తున్నదని పార్లర్ల పని దొరికిందని చెప్పిన. నువ్వు గూడ గట్లనే చెప్పు అక్కా. నీ కాళ్ళు మొక్కుత."

అబద్ధం చెప్పడం సుష్మకు రాదు. ముఖం మీద అనేయడమే ఆమెకు వచ్చు, దాంతో సగం చుట్టాలను దూరం చేసుకుంది కూడా. నిజం చెబితే తారాబాయి ఏం చేయగలదు? అంత దూరం పరుగెత్తలేదు, పిల్లను వెనక్కి రప్పించలేదు. ఇక్కడ కూర్చుని ఏడవగలదు, అంతే. తను మాత్రం ఏం చేయగలదు? పూచీ అనే మాట తన నోటితోనే అంది, ఆ పూచీ తీర్చుకునే దారి ఒక్కటీ కనపడలేదు. సరే అంది.

నాలుగు రోజులకు తారాబాయి మెట్లెక్కి వచ్చింది. బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర మీద పప్పు మరకలున్నాయి. చేతిలో మట్టి కడగని పచ్చి అల్లం సంచి. నర్సప్ప పంపించాడట. సుష్మ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది.

"నీ చెయ్యి నా బిడ్డను నిలబెట్టింది సుష్మమ్మా. నువ్వన్న మాట తప్పలే."

సుష్మ చేతులు వెనక్కి తీసుకుంది. అల్లం బాగుందని, వాసన బాగుందని ఏదో అంది. చాయ్ తెప్పిస్తానంది. తారాబాయి చాయ్ వద్దంది. ఎన్నడూ ఎక్కని ఆ కుర్చీలో బెరుగ్గా కూర్చుని, అద్దంలో తన ముఖం చూసుకుని నవ్వింది.

"నాకు జెయ్యి. ఈ వయసుల నాకెందుకు గాని, నా బిడ్డ ఆడ ఏం పని జేస్తున్నదో జర తెల్సుకుంట."

సుష్మ పౌడర్ రాసింది. దారం తెంచింది. ఎన్నేళ్ళదో అలవాటు, కొస నోటి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. దాన్ని తీసి మెడకు కట్టుకుంది.

"ఆడ గిట్ల కట్టుకుంటరా?" అంది తారాబాయి అద్దంలోంచి చూస్తూ.

"ఆ. గిట్లనే."

"మెడ నొయ్యదా?"

"అలవాటైతది అక్కా."

కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో కనుబొమ్మ పైనా కిందా చర్మం లాగి పట్టుకోమని చెప్పింది. వాలి, దారం తిప్పింది. ఇప్పుడు చెయ్యి బాగానే వచ్చింది, తీరా పనికి రావలసిన రోజు దాటిపోయాక. తారాబాయి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కనుబొమ్మలు తీస్తే ఎవరికైనా కారతాయి. ఆమె నొప్పికి ముఖం చిట్లించి, అంతలోనే నవ్వింది. ఇంత నొప్పి పెట్టే పనిని తన పిల్ల ఎంత మెత్తగా చేస్తుందో అనుకుంది కాబోలు.

"ఆ పార్లరామె మంచిదేనా సుష్మమ్మా? నా బిడ్డను మంచిగ జూసుకుంటదా? నీకైతే అన్ని జెప్తది, నాకు జెప్పదు."

దారం మెడకే ఉంది, నోరు ఖాళీగా ఉంది. తారాబాయి కళ్ళు మూసుకునే జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"ఇంకోదిక్కు తిరుగు అక్కా," అంది సుష్మ. "గట్టిగ పట్టుకో."