వాకిలి ముందు సైకిల్

సైకిల్ మీద దేశాలు తిరుగుతున్న నేను జార్జియా నుంచి దుబాయికి విమానం ఎక్కాలి. సైకిల్ విప్పి సర్దిన అట్టపెట్టె మీద ఇంటిపేరుతో సహా నా పేరు, పుంగనూరు పక్కనున్న మా పల్లె పేరు పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. వరుసలో నా వెనక నిలబడిన అమ్మాయి అది చదివింది.

"పెద్దింటోళ్లాప్పా మీరు? మాదీ ఆ ఊరే. ఈడ డాక్టరు చదువుతాండా."

ఆస్తి పోయినా మా పేరు ఇంత దూరంలో వినిపించినందుకు గర్వంగానే అనిపించింది.

"మా తాత మీ వాకిలి కాడ సైకిల్ దిగి నడిపిచ్చుకొని పోతాడప్పా" అని నవ్వింది.

"ఎప్పటి మాటమ్మా? ఆ ఇల్లు ఎప్పుడో కూలిపాయ గదా!"

"కంపచెట్లు మొలిసినా దిగుతానే ఉండాడు. మొన్న అట్ల దిగబోయి పడినాడు. మేం సెప్తే ఇనడు. దిగొద్దని నువ్వొక మాట సెప్పప్పా."

ఆమె అప్పటికప్పుడే వీడియో కాల్ కలిపింది. వాళ్లమ్మ పట్టుకున్న ఫోన్‌లో, మంచం మీద కూర్చున్న ముసలాయన కనిపించాడు. నేనెవరో మనవరాలు చెప్పింది.

"తాతా, ఇంక మా ఇంటికాడ సైకిల్ దిగొద్దు" అన్నాను. మా ఇంట్లో ఆయనలాంటివాళ్లని తాతా అని పిలిచినవాళ్లు ఎవరూ లేరు.

"అట్లే సామీ" అన్నాడు. అంటూనే మంచం దిగి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, ఫోన్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.