ఒళ్లో వెనక చక్రం

ఆడమ్స్‌టౌన్‌లో రైలెక్కినప్పుడు నా ఒళ్లో కారు వెనక చక్రం ఉంది. విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకున్న కారు అది. ఆ ఒక్క చక్రమే ఊగుతోంది. ఆఫీసులో రోజంతా బగ్గులు పట్టే నాకు ఈ తప్పు చిక్కలేదు. చక్రంలో లోపమేమీ లేదనే టైరు షాపుకే మోసుకెళ్లడం అది మూడోసారి.

ఎదురు సీట్లోని ఐరిష్ పెద్దాయన నా గోడు విని, చక్రం లోపలివైపు వేలితో తడిమాడు. ఎండిన పసుపు పెచ్చు ఊడి వచ్చింది.

“ఏంటిది?”

“బిగించేముందు మా ఆవిడ పసుపు రాసి బొట్టు పెట్టింది. అది దీవెన.”

“గ్రాండ్! కానీ చక్రం కారుకి ఆనుకునే ఈ చోట ఇనుముకి ఇనుమే ఆనాలి. మధ్యలో ఏదున్నా చక్రం వంకరగా కూర్చుంటుంది. దీవెన బయటివైపు పెట్టమను,” అని నవ్వుతూ దిగిపోయాడు.

తుడిచి బిగించాను. మళ్లీ ఊగలేదు.

ఇప్పటికీ ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా, మా ఆవిడ కుంకుమభరిణ పట్టుకుని ముందు నన్నడుగుతుంది: “లోపలా, బయటా?”