హాట్ ప్రెస్‌లో దాచిన బర్నరు

మా పక్కింటి పెద్దాయన గ్యాస్ గ్రిల్లును వాళ్ళింటివాళ్ళు నన్నొక్క మాటైనా అడక్కుండా చెత్తలో పారేశారు. పారేసిన నాటికి దాని బర్నరు నా దగ్గరే ఉంది, సముద్రం దాటి వచ్చినది, బిగిస్తే చాలు వెలిగేది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఈవేళ పొద్దున మా ఆవిడ తువ్వాళ్ళ కోసం హాట్ ప్రెస్ తెరిచింది. ఈ దేశంలో ప్రెస్ అంటే బట్టల ఇస్త్రీ కాదు, అలమర. వేణ్ణీళ్ళ ట్యాంకు చుట్టూ కట్టిన వెచ్చటి అలమర హాట్ ప్రెస్. మేముండే ఎన్నిస్ ఊరి వానలకు ఇంట్లో ఇనుము తుప్పు పట్టకుండా ఉండే చోటు అదొక్కటే కాబట్టి ఆ బర్నరుకు నూనె రాసి, పాత పంచెలో చుట్టి, అడుగు అరలో పెట్టుకున్నాను. "ఏమప్పా, తువ్వాళ్ళ కింద ఇనుము పెట్టుకుంటారా ఎవురన్నా? ఈ నూనె కంపు యాడికి పోవల్ల?" అని గొణిగి, మళ్ళీ తనే పంచె అంచులు మడిచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దాన్ని లోపలికి జరిపింది. ఆ జరపడం చూశాక ఇంక రాయకుండా ఉండలేకపోయాను.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. హిందూపురంలో పంపు స్టవ్వులకు పిన్ను కొట్టడంతో మొదలుపెట్టి, గ్యాసు పొయ్యిలు ఊళ్ళోకి దిగాక వాటి బర్నర్లూ నాబులూ విప్పడం నేర్చుకున్నాను. నాకు ఇంగ్లీషు నేర్పింది ఏ పంతులూ కాదు, స్టవ్వు పెట్టెల్లో మడిచి పెట్టి వచ్చే కాగితాలే. మన ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో ఒక వస్తువు చెడిపోయిందంటే అది ఇంట్లోవాళ్ళకు ఒళ్ళు బాగాలేనట్టే, వైద్యం చేయించాలి గానీ వీధిలో వదిలేయరు. వాషరు దొరక్కపోతే పాత చెప్పు తోలు కత్తిరించి నూనెలో నానబెట్టి వేసేవాణ్ణి, అది కంపెనీ వాషరు కంటే ఎక్కువ కాలం వచ్చేది. తర్వాత మా ఆవిడకు ఇక్కడ నర్సు ఉద్యోగం రావడం, ఆమె వెనకాలే నేనూ వచ్చి షానన్‌లో ఒక ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దే పనిలో చేరడం జరిగాయి. స్క్రూడ్రైవరు పట్టిన చేతికి టేపు చుట్ట ఇచ్చారు. సరే, అదంతా వేరే కథ.

పక్కింటి పెద్దాయన షానన్ విమానాశ్రయంలో పనిచేసి రిటైరైనవాడు. భార్య బతికున్న రోజుల్లో అమెరికా నుంచి ఎవరి చేతనో విమానంలో తెప్పించుకున్న గ్రిల్లు అది. పోత అల్యూమినియం మూత, ఎత్తితే పొలంలో బండరాయి ఎత్తినంత బరువు, లోపల హెచ్ అక్షరం ఆకారంలో పోత ఇనుప బర్నరు, దాని మీద నల్లరాళ్ళు. ఏడాదిలో ఎండ కాసే ఆ నాలుగు రోజులూ దాన్ని పెరట్లో వెలిగించి, మాంసం కాలుస్తూ వీధి వీధినంతా పిలిచేవాడు. మేము కొత్తగా దిగినప్పుడు ముందుగా మా తలుపు తట్టినవాడు ఆయనే.

బదులుగా మేమొకసారి ఆయన్ను పిలిచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టాము. కాసేపటికి ఇంకొంచెం వడ్డించబోతే ఆయన చెయ్యి అడ్డుపెట్టి "ఆ, యూ ఆర్ గ్రాండ్" అన్నాడు. నువ్వు గొప్పవాడివయ్యా అని మెచ్చుకుంటున్నాడనుకుని నేను ఉబ్బిపోయి పళ్ళెం నిండా వేశాను. ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు, నేను మళ్ళీ వేశాను. పాపం, మొహం కందగడ్డలాగైపోయి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మొత్తం తిన్నాడు. ఆ మాటకు ఇక్కడ 'చాలు, వద్దులే' అని అర్థమని మా ఆవిడ ఆసుపత్రిలో తెలుసుకుని వచ్చి చెప్పేసరికి నెలలు గడిచాయి. ఆ సంగతి ఆయనకు చెబితే గోడ పట్టుకుని నవ్వాడు. అప్పట్నుంచి అది మా ఇద్దరి మధ్యా వేళాకోళమైపోయింది. నేను బజ్జీల పళ్ళెంతో గోడ దగ్గరికి వస్తే చాలు, "నేను గ్రాండ్ కాదు, నేను గ్రాండ్ కాదు" అంటూ రెండు చేతులూ చాపేవాడు.

మహమ్మారి వచ్చిన సంవత్సరం, ఇంకా ఏదీ మూసేయకముందే, ఆ బర్నరు పగిలింది. మంట రావలసిన చోట రాకుండా పక్కనుంచి నాలుక చాపింది. ఆడమ్స్‌టౌన్‌లో ఉండే ఆయన కూతురు కొత్తది కొనిపెడతానంది. ఆయన ఒప్పుకోలేదు, బర్నరు విప్పి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఈ వేసవికి వెలిగిస్తావా అని అడిగాడు. వెలిగిస్తానని మాటిచ్చాను.

అంతలోనే తలుపులు మూసుకున్నాయి. డెబ్బై దాటినవాళ్ళు ఇల్లు కదలకూడదన్నారు, దానికి కకూనింగ్ అని ముద్దుపేరు పెట్టారు, అంటే పట్టుపురుగు గూట్లో ఉన్నట్టు ఉండాలట. గూట్లో ఉన్న పట్టుపురుగును చివరికి ఏం చేస్తారో హిందూపురం వాణ్ణి నన్ను అడగాలి. వేణ్ణీళ్ళలో ఉడకబెడతారు. ఆ మాట మా ఆవిడతో అంటే చీపురు ఎత్తింది.

నేనూ నా ఇంటి గూట్లో కూర్చునే కొత్త బర్నరు కోసం వెతికాను. ఆ గ్రిల్లు చేసిన కంపెనీని ఇంకో కంపెనీ కొన్నది, దాన్ని మరొకటి మింగింది. ఎవరికి రాసినా ఆ మోడల్ ఆపేశామన్న ఒకే ముక్క. మనుషులు వాడుతుండగా వస్తువును ఆపేశామనడానికి వీళ్ళకు నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. కొందరు కొత్తది కొనుక్కోమని బొమ్మలు పంపారు. ఆఖరికి అమెరికాలో పాత గ్రిల్లుల విడిభాగాలు ఒక షెడ్డు నిండా దాచుకున్న ముసలాయన దొరికాడు. ఫోనులో ఆయన యాస నాకూ నా యాస ఆయనకూ సగమే అర్థమైనా పొయ్యి భాష ఒకటే గదా. మూత కింద పలక మీద నంబరు చెబితే వెతుకుతానన్నాడు.

పెద్దాయన మూత ఎత్తి చూస్తే పలక మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి, గ్రిల్లేమో గోడ అవతల, నేను అటు వెళ్ళకూడదు. గోడ ఇవతల నుంచి నేను చెబుతుంటే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, పలక మీద కాగితం వేసి పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దాడు. అరిగిన అక్షరాలు బూడిద రంగులో ఒక్కొక్కటే పైకి తేలాయి. కాగితాన్ని గోడ మీదుగా జెండాలాగా ఎత్తి పట్టుకుని ఊపాడు. ఆ సాయంత్రం మేమిద్దరం ఏదో యుద్ధం గెలిచినట్టు సంతోషపడ్డాము. ఆ ఏడాదిలో నేను సంతోషపడింది ఆ ఒక్కసారే.

పార్సిలు బయలుదేరిందన్నారు, ఎక్కడో ఆగిపోయిందన్నారు. రోజూ సాయంత్రం గోడ అవతల నుంచి ఒకటే కేక, "ఎనీ సైన్ ఆఫ్ ద యోక్?" అని. పేరు గుర్తురాని ప్రతి వస్తువునూ ఇక్కడ యోక్ అంటారు, మనం 'అది' అన్నట్టు. ఇంకా రాలేదనే నా జవాబు. వేసవి పోయింది. ఆయనకు ఆయాసం ఎక్కువైంది, కూతురు నర్సింగ్ హోములో చేర్పించింది. మళ్ళీ ఇల్లు కదలనిచ్చాక చూడ్డానికి వెళితే కిటికీ అద్దం అవతల కూర్చోబెట్టారు. మాట వినబడదు. ఆయన గాలిలో నాబు తిప్పి, భుజాలు ఎగరేసి, ఏమైందన్నట్టు చూశాడు. నేను బొటనవేలు పైకెత్తాను. అంతకు రెండు రోజుల ముందే పార్సిలు వచ్చింది. బర్నరు కాలు దగ్గర రంధ్రం సరిపోకపోతే ఆకురాయితో రాకి పెద్దది చేస్తూ ఉన్నాను. ఆయన ఇంటికి వచ్చాక వెలిగిద్దామనుకున్నాను.

ఆయన రాలేదు. చర్చిలోకి కొద్దిమందినే రానిచ్చారు, మిగతావాళ్ళం రోడ్డు పక్కన దూరందూరంగా నిలబడ్డాము, శవపేటిక ఉన్న కారు మా ముందు నుంచి నెమ్మదిగా వెళ్ళిపోయింది. మా ఆవిడ పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. నాకు ప్రార్థన రాలేదు. ఒక్కటే అనుకున్నాను, దాన్ని ఒక్కసారి వెలిగించి, వీధివాళ్ళను ఎవరి గేటు దగ్గర వాళ్ళనే నిలబడమని, ఆ పొగ వాసన అందరి ముక్కులకూ తగిలేలా చేస్తే మాట దక్కినట్టే గదా అని. కూతురు ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చినప్పుడు గోడ దగ్గర నుంచి అడిగాను. "ష్యూర్, వీ విల్ సీ" అంది. చూద్దామంది కదా, చూస్తుందనుకున్నాను.

టీకా వేయించుకుని తిరిగొచ్చేసరికి ఆ ఇంటి ముందున్న స్కిప్పును, అంటే చెత్త సామాను మోసుకుపోయే ఇనుప తొట్టిని, లారీ అప్పుడే ఎత్తుకుని మలుపు తిరుగుతోంది. గోడ మీదుగా చూస్తే గ్రిల్లు లేదు. అది నిలబడ్డ చోట రాళ్ళ మీద నాలుగు తుప్పు మరకలు మాత్రం ఉన్నాయి. మా ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది. "ఏడ్సొద్దప్పా, ఎవురన్నా అడిగితే చెయ్యి నొప్పి అని చెప్పుకుందాంలే" అంది, టీకా వేసిన చేతిని పట్టుకుని.

కూతురికి ఫోనులో రాశాను. నా ఇంగ్లీషు ఎంతని, ఒక్కో మాటా తూచి తూచి రాశాను. బర్నరు నా దగ్గర సిద్ధంగా ఉంది, ఆ తొట్టి ఎక్కడికి పోయిందో చెబితే చాలు, నేను వెళ్ళి వెతుక్కుంటాను, దొరికితే బిగించి ఆడమ్స్‌టౌన్ దాకా తెచ్చి మీ పెరట్లో వెలిగించి ఇస్తాను, నాకేమీ వద్దు, మీ నాన్నకు మాటిచ్చాను, అని.

వారాలు గడిచాయి. ఆ ఇల్లు అమ్ముడుపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఫ్రిజ్జు అంత గ్రిల్లు తెచ్చుకున్నారు, రెండేళ్ళకే మూత ఊడితే దాన్నీ స్కిప్పులో వేశారు. ఎవరినని ఏమి లాభం? ఇప్పుడు వస్తువుకు రోగం రాదు, చావే వస్తుంది. మనం బాగుచేయడం నేర్చుకున్నవన్నీ మనకంటే ముందే పోయాయి, చేతులు మాత్రం ఉత్తవి మిగిలాయి. ఎవరికైనా పనికొస్తానని ఈ చేతులు చాపితే వాటిని ఏం చేయాలో కూడా ఎదుటివాళ్ళకు తెలియడం లేదు. ఆ అమ్మాయి చెడ్డది కాదు. మర్యాద తెలిసిన పిల్ల. తండ్రి నోటి మాటే ఆమె నోటికీ వచ్చింది, అంతే. అర్థం తెలియని రోజుల్లో చదివి ఉంటే ఎంత మురిసిపోయేవాణ్ణో. నేను రాసినదానికి అప్పట్లో ఆమె నుంచి చివరికి వచ్చిన జవాబు ఇది:

"ఆ నో, యూ ఆర్ గ్రాండ్."