పోపులపెట్టెకు ఆన్చిన రాజుగారు

ఫిలింనగర్‌లో మా సినిమా ఆఫీసంటే అద్దెకు తీసుకున్న మూడు గదుల ఫ్లాట్. అందులో ఆరునెలలుగా ఒక కథ మీద కూర్చున్నాం. కథ లేవలేదు, మేమూ లేవలేదు. దర్శకుడు వరప్రసాద్ గారు, ముగ్గురు రచయితలు, నాలుగోవాణ్ణి నేను. నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఆ తర్వాతదంతా ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లోంచి వచ్చింది. అందుకే లోకంలో నాకు నచ్చేదంటూ ఏదీ లేదు.

ఆ ఫ్లాట్‌లో నిజంగా పనిచేసే మనిషి ఒక్కరే, వంట చేసే కౌసల్యక్క. రహమత్ నగర్ నుంచి పొద్దున తొమ్మిదికల్లా వచ్చి, పన్నెండున్నరకి మా ఐదుగురికీ వంట ముగించేది. భర్త పోయాక ఈ వంట మీదే ఇద్దరు కూతుళ్ళను చదివిస్తోంది. వండినంతసేపూ ఫోను పోపులపెట్టెకు ఆన్చి, తెలుగులోకి మార్చిన కొరియా సీరియల్ చూసేది. రాజుగారి వంటశాల కథ. రాజు తింటాడు, ఒక్క మాటా అనడు. ఆయన కనుబొమ్మ కదిలితే వంటశాలంతా వణుకుతుంది. కొత్తగా చేరిన వంటపిల్ల మాత్రం ఆయన చేత ఒక మాట అనిపించి తీరాలని పంతం పట్టింది.

ఆ సీరియల్ కంటపడిన మొదటిరోజు నేను నవ్వాను. పది నిమిషాలు ముల్లంగి తరిగితే దాన్ని కథంటారా అని అడిగాను.

"మీరు ఆర్నెల్ల సంది ఏం తరుగుతున్నరు తమ్మీ?" అంది కౌసల్యక్క, తల తిప్పకుండా.

రెండోరోజు మంచినీళ్ళకని వెళ్ళి పావుగంట నిలబడ్డాను. వారం తిరిగేసరికి వెల్లుల్లి ఒలుస్తూ వంటగదిలోనే స్థిరపడ్డాను. పక్కగదిలో ఇంటర్వెల్ గురించి కొట్టుకుంటుంటే, ఆ పిల్ల కాచిన గంజి రాజు తాగుతాడా లేదా అని నేను గోళ్ళు కొరుక్కున్నాను. పద్నాలుగో భాగంలో ఆయన ఖాళీ గిన్నె రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "ఇంకొంచెం" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయల ఘాటన్నాను.

"ఇయ్యాల ఉల్లిగడ్డ కొయ్యనే లేదు," అంది ఆవిడ.

ఆ కళ్ళు తుడుచుకుని వెళ్ళి, ఆవిడ వండిన చింతచిగురు పప్పు ఏదో పుస్తకం చదువుకుంటూ తినేశాను.

కథాచర్చల్లో ఒక అలవాటుంది. ఎవరూ ముందుగా "బాగుంది" అనరు. అన్నవాడికి అభిరుచి లేదని అర్థం. వంక పెట్టేవాడే తెలివైనవాడు. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు. ఒక సోమవారం వరప్రసాద్ గారు నన్ను పిలిచి, వంట మాన్పించి బయటినుంచి తెప్పించుకోమని నిర్మాత అంటున్నాడని చెప్పారు. "ఇక్కడ అందరికంటే ఎక్కువ తినేది నువ్వేగా. కౌసల్య వంట ఎలా ఉంటుందంటావ్?"

నా నోరు దానంతటదే పనిచేసింది. "పర్లేదండీ. కొత్తదనం లేదు. పప్పుతో మొదలై మజ్జిగతో ముగుస్తుందని ముందే తెలిసిపోతుంది."

ఆయన నవ్వారు. నా తెలివికి నేనూ మురిసిపోయాను. సాయంత్రం కౌసల్యక్కను రేపటినుంచి రావద్దన్నారు.

ఆవిడ గిన్నెలన్నీ కడిగి బోర్లించింది. పోపులపెట్టె సంచిలో పెట్టుకుంటుంటే నేను గుమ్మంలో నిలబడి, నీ పప్పంటే నాకు ప్రాణమని గొణిగాను.

"ఆర్నెల్లు తిన్నవ్ గద తమ్మీ. గీ మాట గిన్ని దినాలు ఏడ దాచినవ్?"

మర్నాడు ధైర్యం తెచ్చుకుని వరప్రసాద్ గారి ముందు నిలబడ్డాను. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆవిడ పప్పులో వెల్లుల్లి ఎంతసేపు వేగనిస్తుందో, గోంగూర కారం తగ్గించి నాకు వేరే గిన్నెలో ఎందుకు తీసిపెట్టేదో, జ్వరమొచ్చిన రోజు అడక్కుండానే మిరియాల చారు ఎలా కాచిందో, అన్నీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "బాగుంది" అన్నారు. ఆరునెలల్లో ఆ గదిలో ఆ మాట వినడం అదే మొదలు.

"ఇంటర్వెల్ ముందు పెడదాం. సీన్ రాసుకురా."

రాసుకెళ్ళాను కూడా. అంత సిగ్గులేనివాణ్ణి.

కౌసల్యక్కను వెనక్కి తెచ్చింది నా పశ్చాత్తాపం కాదు, వరప్రసాద్ గారి కడుపుమంట. నాలుగు రోజులు బయటి బిర్యానీలు తిన్నాక ఆయన మాత్రలు మింగుతూ, ఆవిణ్ణి రమ్మనమని నాకే చెప్పారు. ఫోన్ చేశాను. వస్తానంది, కాకపోతే ఒక షరతు పెట్టింది. తిన్నవాళ్ళు ఆవిడ మొహం చూసి ఒక్క మాటైనా చెప్పాలి. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని.

శనివారం టమాటా పప్పు, దొండకాయ వేపుడు, చారు. తినడం అయ్యాక ఆవిడ బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. మాటలు అమ్ముకుని బతికే ఐదుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. వరప్రసాద్ గారు "నైస్" అని ఆగిపోయారు. ఆవిడ నావైపు తిరిగింది. చదివిన పుస్తకాలన్నీ గాలించాను. ఏదీ చేతికి రాలేదు. ఖాళీ పళ్ళెం రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను.

"ఇంకొంచెం," అన్నాను.

"గా మాట రాజుది. నీ సొంతంది చెప్పు తమ్మీ."

"బాగుందక్కా."

ఆవిడ పప్పుగిన్నె కోసం లోపలికి వెళ్ళింది. ముగ్గురు రచయితలూ నావైపు జాలిగా చూశారు.